రాతి ప్రహరీ గోడ పొట్ట రాకుండా కట్టించుకోవడం ఎలా?

“అన్నా, గోడ కట్టించి మూడేళ్లు కాలేదు, మధ్యలో పొట్ట వచ్చింది. పైన సిమెంటు పూస్తే ఆగుతుందా?” వానలు మొదలైతే చాలు, నాకు ఇదే ఫోను. ఆగదు. పొట్ట వచ్చిన రాతి గోడకు బయట ఎంత సిమెంటు పూసినా లాభం లేదు, రోగం లోపల ఉంటుంది కాబట్టి. ఆ భాగం విప్పి మళ్లీ కట్టుకోవాల్సిందే.

మా ఇంటి వెనక గోడ కూడా అలాగే పోయింది. ఒక కాంట్రాక్టరుకు అప్పజెప్పి, నేను వేరే పనుల్లో పడ్డాను. మూడో వానాకాలంలో పన్నెండు అడుగుల మేర ఒక్కసారిగా కూలింది. పడిన చోట కూర్చుని చూశాను. రెండు వైపులా ముచ్చటైన రాళ్లు, వాటి మధ్య నాలుగైదు అంగుళాల వెడల్పున ఒట్టి క్రషర్ దుమ్ము, గుప్పెడంత గులకలు, ఒక సిమెంటు బస్తా చింపిన ముక్క. చేత్తో తోడితే వచ్చేసింది. అది ఒక గోడ కాదు, పక్కపక్కనే నిలబెట్టిన రెండు పలచటి గోడలు. మధ్యలోకి నీళ్లు దిగాయి, తడిసిన దుమ్ము పక్కలకు తోసింది, రెండు ముఖాలూ చెరో వైపు విడిపోయాయి.

అదే తప్పు పెద్ద ఎత్తున జరిగితే ఏమవుతుందో 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి, లాతూరు ప్రాంతంలో చూశాం. ఆ భూకంపం హైదరాబాద్‌లో కూడా తెలిసింది. అక్కడ ఇళ్ల గోడలు మందంగానే ఉన్నాయి. కానీ మట్టితో పేర్చిన గుండ్రటి రాళ్లు, రెండు ముఖాలను కలిపే పొడవాటి రాయి ఒక్కటీ లేదు, పైన బరువైన మట్టి కప్పు. గోడలు రెండుగా విచ్చుకుని ఇళ్లు కూలాయి, వేల మంది పోయారు.

అలాగని రాయి బలహీనం అనుకోకండి. 1955లో శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ డ్యామ్ 124 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది, అది రాతి కట్టడమే.

ఇక్కడ చెప్పేది 30 అడుగుల పొడవు, భూమి పైన 5 అడుగుల ఎత్తు, అడుగున్నర మందం ఉన్న మామూలు ప్రహరీ గురించి. మీరు మేస్త్రీ పక్కన నిలబడి చూసుకోవాలని రాస్తున్నాను. మీ గోడకు ఒక వైపు మట్టి రెండడుగుల కంటే ఎక్కువ ఎత్తున ఉంటే అది ప్రహరీ కాదు, మట్టిని ఆపే గోడ. దాని లెక్క వేరు, ఇంజినీరుకు చూపించండి.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

రాయి: సుమారు 450 ఘనపుటడుగులు. పునాది, గోడ కలిపి 360 వస్తుంది. రాళ్ల మధ్య ఖాళీలు, చెక్కుడులో పోయేది కలుపుకుంటే ఇంత కావాలి. ట్రాక్టరు లెక్కన కొనేటప్పుడు ట్రక్కు పొడవు, వెడల్పు, ఎత్తు మీరే టేపుతో కొలవండి. “ట్రిప్పు వంద అడుగులు” అనే మాట మీద పోకండి.

బాండ్ రాళ్లు (గోడ రెండు ముఖాలను కలిపే పొడవాటి రాళ్లు): 18 అంగుళాల పొడవున్నవి 24. ఇవి విడిగా ఆర్డర్ చెప్పాలి. మామూలు లోడులో వెతికితే నాలుగైదు కూడా దొరకవు.

సిమెంటు: 26 నుంచి 28 బస్తాలు. ఒకేసారి దించకండి, వారానికి సరిపడా తెచ్చుకోండి.

ఇసుక: 160 నుంచి 170 ఘనపుటడుగులు. నది ఇసుకైనా, క్రషర్‌లో కడిగి ఇచ్చే ఎం-శాండ్ అయినా సరే. ఉత్త క్రషర్ దుమ్ము మాత్రం వద్దు.

40 ఎంఎం కంకర: పునాది కింద పరిచే కాంక్రీటు బెడ్‌కు 28 ఘనపుటడుగులు. గోడ పైన కాంక్రీటుకు 20 ఎంఎం కంకర 12 ఘనపుటడుగులు.

పనిముట్లు: తాపీ, సుత్తి, సమ్మెట, ఉలి, గడ్డపార, తూకం గుండు (గోడ నిలువుగా ఉందో లేదో చూసే, దారానికి కట్టిన గుండు), మూలమట్టం, నీళ్ల ట్యూబు, నూలుదారం, టేపు, గోనె సంచులు. వీటితో పాటు కళ్లద్దాలు, మాస్కు, చేతి తొడుగులు. రాయి కొట్టేటప్పుడు లేచే చీలిక కన్ను తీసేస్తుంది. రాతి ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి, ఆ జబ్బు నయం కాదు. తరతరాలుగా రాయి కొట్టి మన ఊళ్లు కట్టిన వడ్డెర కుటుంబాలు ఈ ధూళినే పీల్చాయి. రెండు మూడు వందలకు వచ్చే అద్దాలు, మాస్కులు మీరే కొని ఇవ్వండి. మిషన్‌తో కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయమనండి.

రాయి మంచిదేనా, ఇంట్లోనే చూసుకోండి

సుత్తితో కొట్టండి. గట్టి రాయి ఖంగుమంటుంది. ఎండకు, వానకు చివికిన రాయి పగిలిన కుండలా మొద్దుగా పలుకుతుంది. విరిగిన చోట పసుపు, గోధుమ రంగు మచ్చలు లోపలి దాకా ఉంటే పక్కన పెట్టేయండి.

అనుమానంగా ఉంటే పది కిలోల రాయిని తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి, తుడిచి మళ్లీ తూచండి. అరకిలో కంటే ఎక్కువ పెరిగితే అది నీళ్లు తాగే రాయి, వద్దు.

గ్రానైట్ దొరికే చోట దిగులు లేదు. చీమకుర్తి, కరీంనగర్ చుట్టుపక్కల క్వారీల్లో పాలిష్‌కు పనికిరాని ముక్కలు గోడకు బాగా పనికొస్తాయి. ఒక్క జాగ్రత్త: రంపంతో కోసిన నున్నటి ముఖానికి మాలు (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద) సరిగా పట్టదు. ఆ ముఖాన్ని ఉలితో గాట్లు పెట్టించండి, లేదా బయటికి చూపేలా పెట్టండి. తాండూరు, బేతంచర్ల వైపు నాపరాయి వాడేవాళ్లు, అది పొరల రాయి అని గుర్తుంచుకోండి. పొరలు నేలకు సమాంతరంగా పడుకోవాలి. నిలబెడితే కొన్నేళ్లకు పొరలు పొరలుగా ఊడుతుంది.

ఇసుకకు సీసా పరీక్ష చాలు. గాజు సీసాలో సగం దాకా ఇసుక, పైన నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద ఒండ్రు పొర తేరుతుంది. పది సెంటీమీటర్ల ఇసుక మీద ఆ పొర ఎనిమిది మిల్లీమీటర్లు దాటితే కడిగి వాడాలి.

ఇక పని

1. గీత వేయండి. హద్దు సర్వే చేయించుకున్నాకే మొదలుపెట్టండి. మూల సరిగ్గా రావాలంటే మూల నుంచి ఒక వైపు 6 అడుగులు, ఇంకో వైపు 8 అడుగులు గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 10 అడుగులు వస్తే మూల మట్టంగా ఉన్నట్టు.

2. పునాది తవ్వండి. 3 అడుగుల వెడల్పు, కనీసం 2 అడుగుల 4 అంగుళాల లోతు. అడుగున గట్టి మొరం తగలాలి. మెత్తగా ఉంటే గట్టి నేల వచ్చే దాకా దిగండి. ఎక్కువ తవ్విన చోట తవ్విన మట్టే మళ్లీ పోసి చదును చేయకండి, కాంక్రీటుతోనే నింపాలి. నల్లరేగడి నేలైతే మాత్రం ఈ కొలతలు వదిలేయండి. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి గోడను ఎత్తి కుదేస్తుంది. నెర్రెలు ఎంత లోతు దిగుతాయో అంతకంటే కిందికి పోవాలి. ఎంత, ఎలా అన్నది ఇంజినీరు చెప్పాలి.

3. బెడ్ వేయండి. అడుగును దిమ్మిసతో కొట్టి, నీళ్లు చల్లి, 4 అంగుళాల కాంక్రీటు పరవండి. ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక, ఎనిమిది పాళ్లు 40 ఎంఎం కంకర. మరుసటి రోజు నుంచి తడపండి. కనీసం రెండు రోజులు ఆగి రాయి మొదలుపెట్టండి.

4. రాళ్లు వేరు చేయండి. అందరూ దాటేసే మెట్టు ఇది, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది. లోడు దిగిన రోజే నాలుగు కుప్పలు పెట్టించండి: రెండు ముఖాలు చక్కగా ఉన్న మూలరాళ్లు, ఒక ముఖం బాగున్న ముఖం రాళ్లు, లోపల నింపడానికి మధ్యరకం రాళ్లు, సందుల్లోకి చిల్లర రాళ్లు. బాండ్ రాళ్లు విడిగా పెట్టి, వాటి చివర్లకు ఎర్ర రంగు పూయండి. ఎందుకో తర్వాత చెప్తాను. ఒక పూట కూలి అవుతుంది, కానీ ఆ కుప్పలు లేకపోతే మేస్త్రీ చేతికి ఏది అందితే అది పెడతాడు. తప్పు ఆయనది కాదు, పక్కన కుప్ప లేకపోవడానిది. ముఖం రాయికి ఒక కొలత గుర్తుంచుకోండి: పొడవు దాని ఎత్తుకు మూడు రెట్లు మించకూడదు, గోడ లోపలికి కనీసం 6 అంగుళాలు పోవాలి.

5. మాలు కలపండి. ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్లు ఇసుక. పారతో కాదు, డబ్బాతో కొలిచి కలపాలి. పొడిగా రంగు ఒకేలా వచ్చే దాకా తిప్పి, అప్పుడు నీళ్లు పోయండి. చేత్తో ముద్ద చేస్తే నిలవాలి, వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారకూడదు. అరగంటలో అయిపోయేంతే కలపండి. గట్టిపడిన మాలులో నీళ్లు పోసి మళ్లీ తిప్పడం చాలా చోట్ల చూస్తాం. అది పారబోయాల్సిన మాలు.

6. పునాది రాయి. అన్నిటికంటే పెద్ద రాళ్లు ఇక్కడికే. వెడల్పు ముఖం కిందికి పడుకోవాలి. అడుగు ఎత్తు దాకా రెండున్నర అడుగుల వెడల్పు, పైన ఇంకో అడుగు రెండడుగుల వెడల్పు, భూమి మట్టం నుంచి అడుగున్నర. రాయిని ముందు దుమ్ము పోయేలా కడగండి. ఎండాకాలం తప్పకుండా తడిపి పెట్టండి. పొడి రాయి మాలులోని తడిని లాగేస్తుంది.

7. మూలలు ముందు, తర్వాత దారం. రెండు చివర్లా మూలరాళ్లు ఒకటి రెండు వరసలు లేపి, తూకం చూసి, రెండు ముఖాలకూ దారం లాగండి. ఒక్క ముఖానికే దారం కడితే వెనక వైపు పాము మెలికలా వస్తుంది. ఒక వరసలో ఒక రాయి పొడవు గోడ వెంబడి, పక్కది లోపలికి పొడుచుకుపోయేలా మార్చి మార్చి పెట్టాలి. కింది వరస సందు మీద పై వరస రాయి కూర్చోవాలి. నిలువు సందు వరస వరసకూ కలిసిపోయి పైదాకా పోతే, రేపు పగులు ఆ దారినే వస్తుంది.

8. మధ్యలో నింపండి. ముందు మాలు, దాని మీద మధ్యరకం రాయి, సుత్తితో కొట్టి దింపాలి, పక్కల నుంచి మాలు పైకి ఉబకాలి. మిగిలిన సందుల్లో చిల్లర రాళ్లను మాలులోకి కొట్టాలి. రాళ్లు ముందు పోసి పైన పలచటి మాలు పోస్తే అది కిందికి దిగదు, మా గోడకు జరిగింది అదే. చిల్లర రాళ్లు మొత్తం రాయిలో ఐదో వంతు మించకూడదు. మించుతున్నాయంటే రాళ్లు ఒకదానికొకటి కుదరడం లేదన్నమాట, మేస్త్రీని ఉలితో చెక్కి పెట్టమనండి. ప్రతి వరసకూ లోపల కూడా నిండిందో లేదో చూసుకుని పైకి పొండి. మూడు నాలుగు వరసలు ముఖాలు లేపేసి తర్వాత నింపుతామంటే ఒప్పుకోకండి.

9. బాండ్ రాళ్లు. ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా అడ్డంగా పడుకునే రాళ్లు ఇవి, కొందరు త్రూ స్టోన్ అంటారు. ఎత్తులో ప్రతి రెండడుగులకు ఒక వరస, పొడవులో నాలుగడుగులకు మించకుండా ఒకటి. భూమి మట్టం దగ్గర, 2 అడుగుల దగ్గర, 4 అడుగుల దగ్గర, వరసకు ఎనిమిది. పై వరసవి కింది వాటి నెత్తిన కాకుండా మధ్యకు రావాలి. ఎర్ర రంగు పూయమన్నది ఇందుకే: కట్టాక గోడ రెండు వైపులా నడుచుకుంటూ ఎర్ర చుక్కలు లెక్కపెట్టండి. ఈ వైపు ఉన్న చుక్కకు సరిగ్గా ఆ వైపూ చుక్క కనపడాలి. పాయింటింగ్ (రాళ్ల సందులను బయటి నుంచి మాలుతో నింపడం) అయ్యాక వైర్ బ్రష్‌తో గీకేయొచ్చు.

అంత పొడవు రాయి దొరకలేదా? చెక్క పెట్టెల్లో 4 అంగుళాల చదరం, 18 అంగుళాల పొడవు కాంక్రీటు దిమ్మెలు పోసుకోండి, మధ్యలో 8 ఎంఎం ఇనుప కడ్డీ పెట్టి. వారం తడిపాక వాడండి. ఇవి పని మొదలవడానికి పది రోజుల ముందే పోయాలి. ఆ రోజుకు లేవు కదా అని పని ఆగదు, బాండ్ లేకుండానే గోడ లేచిపోతుంది.

10. రోజుకు రెండడుగులే. మాలు ఇంకా పచ్చిగా ఉండగానే పైన బరువు వేస్తే కింది రాళ్లు బయటికి జరుగుతాయి. “ఈ రోజే నిలువెత్తు లేపేస్తాం” అంటే వద్దనండి. సాయంత్రం పని ఆపే చోట చివర మెట్లు మెట్లుగా వదలాలి, నిలువుగా కోసినట్టు ఆపకూడదు. పొద్దున నిన్నటి రాయిని సుత్తితో కొట్టి సరిచేయనీయకండి. కదిలిన రాయిని తీసి, పాత మాలు గీకేసి కొత్త మాలుతో పెట్టాలి.

11. వాన నీటికి దారి. గోడ అడుగున ఎనిమిది పదడుగులకొక చోట 3 అంగుళాల పైపు ముక్క పెట్టండి, నీళ్లు పోయే వైపుకు కొంచెం వాలుగా.

12. పైన టోపీ. గోడ నెత్తిన 3 అంగుళాల కాంక్రీటు వేయండి: ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు 20 ఎంఎం కంకర. ఒక వైపుకు వాలు ఉండాలి, రెండు వైపులా అంగుళంన్నర బయటికి రావాలి. ఆ బయటికొచ్చిన అంచు కింద వేలు పట్టేంత గాడి పెట్టిస్తే నీళ్లు ముఖం మీదుగా కారకుండా చుక్కలుగా కింద పడతాయి.

13. పాయింటింగ్. మాలు పచ్చిగా ఉన్న రోజే సందులను ముప్పావు అంగుళం లోతు గీకి ఉంచాలి. తర్వాత కడిగి, ఒకటికి మూడు మాలుతో నింపాలి. రాళ్ల మీద తాడులా ఉబ్బెత్తుగా గీతలు పెట్టడం చూడ్డానికి బాగుంటుంది కానీ, దాని అంచున నీళ్లు నిలిచి ఊడుతుంది. రాయికి సమంగా, లేదా కొంచెం లోపలికి ఉండేలా చేయించండి.

14. తడపడం. కనీసం ఏడు రోజులు, ఎండాకాలం పది. పైపుతో పొద్దున ఒకసారి చల్లి వదిలేస్తే చాలదు. గోనె సంచులు కప్పి అవి ఆరకుండా చూసుకోవాలి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

పని జరుగుతుండగా: సన్నటి ఇనుప కడ్డీ తీసుకుని అప్పుడే నింపిన మధ్య భాగంలో నాలుగైదు చోట్ల పొడవండి. మాలు, రాయి తగలాలి. జానెడు లోతుకు జారిపోతే ఖాళీ ఉంది. మరుసటి రోజు పొద్దున గోడ నెత్తిన ఒక చెంబు నీళ్లు పోయండి. నిలిచి మెల్లగా ఇంకితే మంచిది, గుటుక్కున మాయమై పక్క సందుల్లోంచి కారితే లోపల బోలు. ఆ భాగం విప్పించండి. ఆ రోజు విప్పితే గంట పని, ఏడాది తర్వాత నెల కూలి.

ముఖం మీద: వరస వరసకూ తూకం గుండు వేయండి. గోడ మొత్తం మీద ఆ చివర నుంచి ఈ చివరకు దారం లాగి మధ్యలో ఎంత దూరంగా ఉందో కొలిచి, ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ఏడాదికోసారి అదే చోట కొలవండి. పొట్ట కంటికి కనపడేలోపే దారం చెప్తుంది.

చూడగానే పట్టుకోగల ఇంకో తప్పు: పెద్ద ముఖం కనపడాలని పలచటి బండను నిలబెట్టి, వెనక చిల్లర రాళ్లతో ఊతం ఇవ్వడం. బయటి నుంచి ఇది అన్నిటికంటే అందంగా కనపడే రాయి. వెనక్కి వెళ్లి అది లోపలికి ఎంత దిగిందో చూడండి. ఆరంగుళాలు లేకపోతే తీయించండి. నేనైతే ఇక్కడ మొహమాటపడను, “మేస్త్రీ గారూ, ఇది పడుకోవాలి” అని అక్కడే చెప్తాను. పనిమంతుడైన మేస్త్రీ దీనికి కోపగించుకోడు.

మొదటి వానాకాలం తర్వాత

గోడ చుట్టూ ఒకసారి నడవండి. పాయింటింగ్‌లో వెంట్రుక లాంటి గీతలుంటే కంగారు వద్దు, గీకి మళ్లీ నింపితే సరిపోతుంది. పగులు రాళ్ల సందుల వెంట మెట్లు మెట్లుగా పైకి పోతుంటే పునాది కదిలినట్టు. దాని మీద చిన్న గాజు ముక్కను సిమెంటుతో అడ్డంగా అతికించండి. నెల రెండు నెలల్లో గాజు విరిగితే కదలిక ఇంకా ఆగలేదు, ఇంజినీరును పిలవండి.

సందుల్లో రావి, మర్రి మొక్కలు మొలుస్తాయి. వేలెడంత ఉన్నప్పుడే వేరుతో సహా పీకండి. వేరు తెగి లోపల ఉండిపోతే పైన సిమెంటు మూసి వదిలేయకండి, అది మళ్లీ ఇంకో సందు వెతుక్కుని వస్తుంది. ఆ ఒక్క రాయి తీసి, వేరు మొత్తం లాగేసి, కొత్త మాలుతో రాయిని మళ్లీ కూర్చోబెట్టండి.